సెల్స్ చచ్చాయి, మెషీన్ మాత్రం బతికున్నాయంది

పేపర్ యాక్సెప్ట్ అయిందని మెయిల్ వచ్చింది. సంతోషం కంటే ముందు ఆ రివ్యూ మీటింగే గుర్తొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మొక్కల నుంచి తీసిన కాంపౌండ్లు కేన్సర్ సెల్స్‌ని ఎలా చంపుతాయో, అసలు చంపుతాయో లేదో చూడటం నా పని. ఆకు ఎండబెట్టి, పొడికొట్టి మెథనాల్‌లో నానబెట్టడం, హెక్సేన్‌తోనూ ఇథైల్ ఎసిటేట్‌తోనూ విడదీయడం, టీఎల్‌సీ అనే పలక మీద మచ్చలు చూసుకుంటూ, పదార్థాల్ని వేరుచేసే కాలమ్ నడపడం, ఇవన్నీ ఓపికుంటే ఎవరైనా చేస్తారు. చివరికి పసుపురంగు పొడి కాస్త మిగిలింది. అణువు నిర్మాణం చెప్పే ఎన్ఎంఆర్‌లో అది ఫ్లేవనాయిడ్ అని, అంటే మొక్కల్లో ఉండే ఒక రకం పాలీఫినాల్ అని తేలింది.

మొక్క పేరు ఖాయం చేయించుకుందామని హెర్బేరియంకి, అంటే ఎండిన మొక్కల నమూనాలు దాచే చోటికి వెళ్తే మాత్రం, పువ్వు లేని కొమ్మ తెచ్చానని మొహాన కొట్టినంత పని చేశారు. పూత వచ్చేదాకా ఆగి మళ్లీ పట్టుకెళ్లాను. రూలు మీద నాకు కోపం లేదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో స్టెఫానియా అనే మొక్క అనుకుని విషపు మొక్క అరిస్టలోకియా కలిపేస్తే ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పాడైపోయాయి. మొక్క పేరే తప్పయితే ఆ తర్వాత చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. కానీ కౌంటర్ దగ్గరి మనిషి నోటి దురుసుకి ఏ రూలూ అక్కర్లేదు కదా!

అసలు నరకం సెల్స్ దగ్గర మొదలైంది. కాంపౌండ్ వేసిన మర్నాడు మైక్రోస్కోప్‌లో చూస్తే సెల్స్ ప్లేట్ అడుగు వదిలేసి, గుండ్రంగా ముడుచుకుని మీడియంలో తేలుతున్నాయి. చచ్చాయనడానికి ఇంకేం కావాలి? తీరా సెల్స్ ఎంత బతికున్నాయో రంగుతో చెప్పే ఎంటీటీ వేసి, ఆ రంగు కొలిచే రీడర్‌లో పెడితే, మందు వేయని కంట్రోల్ కంటే ఎక్కువ బతికున్నట్టు వచ్చింది. డోసు పెంచినకొద్దీ రీడింగ్ పైకి పోతోంది.

మీటింగ్‌లో ఫొటోలూ గ్రాఫూ పక్కపక్కనే చూపించాను. కమిటీలో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఏమ్మా, నీ కళ్లేమో చచ్చాయంటున్నాయి, మెషీనేమో బతికాయంటోంది. ఎవర్ని నమ్మమంటావు? ఆకులూ అలములూ పట్టుకుంటే ఇంతే" అన్నారు. హాలంతా నవ్వు. మా గైడ్ గారు తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నారు.

ఆకులూ అలములట! కేన్సర్ మందు టాక్సాల్ మొదట దొరికింది చెట్టు బెరడులోనే. మలేరియా మందు ఆర్టెమిసినిన్ వేడికి పాడవుతోందని, దాన్ని మొక్క నుంచి తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో తీసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. ఆయనకివి తెలియవని కాదు, ఎదురుగా ఉన్నది స్టూడెంట్ కాబట్టి అనగలిగారు.

గొడవంతా ఎంటీటీలోనే ఉంది. అదొక పసుపురంగు డై. బతికున్న సెల్స్‌లోని ఎంజైములు దాన్ని రెడ్యూస్ చేస్తే ఊదారంగు ఫార్మజాన్ అవుతుంది. రంగు ముదిరితే సెల్స్ ఎక్కువ బతికాయని లెక్క. కానీ నా ఫ్లేవనాయిడ్‌లో ఒకే రింగు మీద రెండు హైడ్రాక్సిల్స్ పక్కపక్కనే ఉన్నాయి. ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి, అంటే ఎంటీటీని తానే రెడ్యూస్ చేసేయడానికి, అది ఎప్పుడూ సిద్ధం. అనుమానం వచ్చి, ఉత్త మీడియంలో కాంపౌండూ ఎంటీటీ కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. ఒక్క సెల్ కూడా లేని వెల్స్ (ప్లేట్‌లోని గుంటలు), తీసేసరికి చిక్కటి ఊదారంగులో ఉన్నాయి. మైక్రోస్కోప్ చెప్పిందే నిజం. ఆ ల్యాబ్‌లో చేతులు మారుతూ వచ్చిన ప్రోటోకాల్ కాగితంలో సెల్స్ లేకుండా చేసే ఈ బ్లాంక్ పరీక్ష లేనే లేదు. నవ్విన అంతమందిలో ఒక్కరూ అడగనూ లేదు.

తర్వాత ఎస్‌ఆర్‌బీకి మారాను. అది ప్లేటుకి అంటుకుని మిగిలిన సెల్స్‌లోని ప్రోటీన్‌కి పట్టే రంగు, రెడక్షన్‌తో పని లేదు. డోసు పెరిగినకొద్దీ గీత బుద్ధిగా కిందికి దిగింది.

పేపర్ పంపితే ఒక రివ్యూయర్ ఇంకో మెలిక పెట్టాడు. ఇలాంటి పాలీఫినాల్స్ కల్చర్ మీడియంలో తమంతట తామే ఆక్సిడైజ్ అయి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి, సెల్స్‌ని చంపుతున్నది కాంపౌండా, పెరాక్సైడా అని. ఒళ్లు మండింది కానీ ప్రశ్న న్యాయమైనది. కెటలేజ్ అనే ఎంజైమ్ కలిపి చేస్తే పెరాక్సైడ్ విరిగిపోతుంది. సెల్స్‌ని చంపే ఎఫెక్ట్ కొంత పోయింది, చాలా వరకు నిలిచింది, అంటే ఎక్కువగా చంపుతున్నది కాంపౌండే. ఆ గ్రాఫ్ ఇప్పుడు పేపర్‌లో అన్నిటికంటే గట్టిగా నిలబడే బొమ్మ, ఈ మాట నేనే చెప్పుకుంటాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు సెల్స్ లేని బ్లాంక్ మొదటి రోజే పెట్టండి. కాంపౌండ్‌ని కరిగించే డీఎంఎస్ఓ అన్ని వెల్స్‌లోనూ ఒకే మోతాదులో ఉందో లేదో చూసుకోండి, కంట్రోల్‌లో కూడా. సీనియర్లు ఇచ్చిన ప్రోటోకాల్‌ని వేదంలా చదవకండి. మీటింగ్‌లో ఎవరైనా నవ్వితే "మరి ఏ కంట్రోల్ పెట్టాలంటారు సార్?" అని అక్కడే అడగండి. చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

ఇక ఎలుకల్లో చూడాలి. ప్లేట్‌లో పనిచేసిన డోసు రక్తంలోకి చేరుతుందన్న భ్రమ నాకు లేదు, ఫ్లేవనాయిడ్లు పేగూ లివరూ దాటేసరికే చాలావరకు ఒళ్లు బయటికి పంపేసే గ్లూకురొనైడ్లుగా మారిపోతాయి. ఎథిక్స్ కమిటీ ఫారం తెరిచి కూర్చున్నాను. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని అనే గడి దగ్గర ఆగి ఉంది.