హన్మకొండలో సముద్రం, మే నెలలో కరెంటు కోత

ఇంట్లో రీఫ్ ట్యాంక్ పెట్టా, అంటే ఉప్పునీళ్లలో సముద్రపు చేపలు, పగడాలు పెంచే గాజు తొట్టి. సముద్రం లేని ఊళ్లో రీఫ్ ట్యాంక్ ఏందిరా అని మా అన్న మొదట్లోనే నవ్వాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగు గంటలు రాలేదు. 26 డిగ్రీలు ఉండాల్సిన నీళ్లు 31 దాటాయి, పంపు ఆగితే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది కదా, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, ఐసు కట్టిన సీసాలు నీళ్లలో వేసి, అట్టముక్కతో విసురుతూ కూర్చున్నా. క్లౌన్ ఫిష్ జంట బతికింది. మష్రూమ్ కోరల్, అంటే పుట్టగొడుగులా ఉండే పగడపు జీవి, మాత్రం తెల్లబడింది. దాని ఒంట్లో ఉండి తిండి తయారుచేసి పెట్టే ఆల్గే (సన్నటి నాచు) వేడికి బయటికి పోతుంది, రంగు చాలావరకు దానిదే.

ఆ టెన్షన్‌లో ఇంకో తెలివితక్కువ పని కూడా చేశా, ఆవిరైన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోశా. ఉప్పు ఆవిరి కాదు, ఆర్వో నీళ్లే పోయాలి! నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.025 ఉండాల్సింది 1.029కి ఎక్కింది, రెండు రోజులు మెల్లగా దించా.

ఇప్పుడు కోరల్ అంచున మళ్లీ ఆకుపచ్చ కనిపిస్తోంది. "ఆ పైసలకు ఎన్ని కొర్రమీన్లు తిందుము" అంటోంది అమ్మ.