చేపపిల్లల తొట్టికి నీడ మొక్కలు: నా అనుభవం

జీబ్రా డానియో చేపలతో పిల్లలు పెట్టించాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉన్నా, వాటికి తగిన మొక్క దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. ఈ ఉదయం నాచు మధ్య కనురెప్ప వెంట్రుకంత పిల్లలు ఈదుతుంటే 23 దాకా లెక్కపెట్టగలిగాను. ఆ సంతోషం తగ్గకముందే ఇది రాస్తున్నాను.

తొట్టి, స్పాంజి ఫిల్టర్, చేపలు సమకూర్చుకోవడం ఒక్క ఆదివారంలో అయిపోయింది. రాజమహేంద్రవరంలో మా ఇంటి ఉత్తరపు గదిలో పెట్టిన ఆ తొట్టికి 28 లీటర్ల నీళ్ళు పడతాయి. అక్కడికి ఎండ రాదు. పైన ఉన్నది 6 వాట్ల ఎల్‌ఈడీ దీపం మాత్రమే. డానియోలు తెల్లవారి వెలుతురు పడగానే గుడ్లు వదులుతాయి. ఆ గుడ్లు దేనికీ అంటుకోకుండా అడుగుకు జారిపోతాయి, పెట్టిన చేపలే వాటిని ఏరుకుని తినేస్తాయి. అందువల్ల గుడ్లు జారి దాక్కునేంత గుబురుగా ఉండి, తక్కువ వెలుతురులో బతికే మొక్క కావాలని దుకాణంలో స్పష్టంగా అడిగాను.

దుకాణదారు నీళ్ళ తొట్టిలోంచి, ఆకులకు తెల్లని అంచులున్న నాలుగు మొక్కలు తీసి, ఇవి నీడలో ఎన్నేళ్ళైనా ఉంటాయని చెప్పి 320 రూపాయలు తీసుకున్నాడు. రెండు వారాల్లో కాండం మెత్తబడింది, ఆకులు జారిపోయాయి, నీళ్ళు తెల్లగా మసకబారి వాసన వేశాయి. అప్పటికే తొట్టి అడుగున ఉన్న గోళీల సందుల్లో మిగిలిన గుడ్లు కొన్ని పొదిగి పిల్లలయ్యాయి. మొక్క కుళ్ళితే నీళ్ళలో చేరే, చేపలకు విషమైన అమ్మోనియా ఉందేమోనని పరీక్ష చేస్తే పసుపుగా ఉండవలసిన నీరు ముదురు ఆకుపచ్చకు తిరిగింది. సగం నీళ్ళు మార్చినా, రెండు రోజుల్లో ఒక్క పిల్ల కూడా మిగలలేదు.

కుళ్ళిన కాండాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. డబ్బు తిరిగి అడగలేదు. ఆ మొక్క పేరేమిటో చెప్పమన్నాను. మా బడిలో చదివే పిల్లవాడూ అతని తండ్రీ పక్కనే నిలబడి ఉండగా, ఆ దుకాణదారు గొంతు పెంచి, "సైన్సు మాస్టారై ఉండి తొట్టిలో నీళ్ళు మార్చడం తెలియదాండీ? మొక్కనంటే ఏం లాభం?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు మొక్కల గురించి చెబుతున్న నేను, చేతిలో ఉన్న మొక్క పేరు తెలియక, జవాబు చెప్పలేక బయటికి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు నాదేనేమోనని నెల రోజులు రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాను, దీపం ఎక్కువసేపు వేశాను. గాజు మీద పాకుడు పెరగడం తప్ప ఏమీ జరగలేదు.

బడి తోటకు మొక్కలు తెద్దామని కడియం వెళ్ళినప్పుడు, ఒక నర్సరీలో అదే మొక్క వరుసగా కుండీల్లో కనిపించింది. పేరు డ్రసీనా అని, అక్కడ పనిచేస్తున్న పెద్దావిడ చెప్పింది. నీళ్ళలో పెంచుతారా అని అడిగితే, "అది నేల మొక్కండీ. వేళ్ళు నీళ్ళలో ఉంటే బతుకుద్ది గానీ, ఆకులు ముంచితే కుళ్ళిపోద్ది" అంది. నీడకు తట్టుకుంటుందన్న దుకాణదారు మాట గది మూలన ఉన్న కుండీకి నిజమే. అమ్మేవాడికి ఆ తేడా తెలియకపోతే అది అజ్ఞానం; తెలిసీ అమ్మి, కొన్నవాడినే పదిమందిలో నిందిస్తే అది మోసం. మొక్క పేరు చెప్పలేని చోట దయచేసి ఏమీ కొనకండి.

ఆ తరువాత పేరు తెలిసిన మొక్కలే తెచ్చుకున్నాను. జావా ఫెర్న్‌ను, అనూబియాస్ నానాను రాళ్ళకు నల్ల దారంతో కట్టాను. వాటి అడ్డకాండాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్ళిపోతుంది. కాలువలోని హైడ్రిల్లాకూ తక్కువ వెలుతురు చాలు, కానీ దాని వెంట తూనీగ లార్వాలు వస్తాయి, అవి చేపపిల్లలను పట్టి తింటాయి కాబట్టి నేను దాన్ని ముట్టుకోలేదు. పిల్లల తొట్టికి అసలైన మొక్క జావా నాచు. దానికి మట్టి అక్కరలేదు, గుడ్లు దాని పోగుల మధ్యకు జారి దాక్కుంటాయి. అంతకన్నా ముఖ్యంగా, దాని మీద పెరిగే సూక్ష్మజీవులే పిల్లలకు తొలి మేత. గుప్పెడు నాచును అడుగున పరిచి, గుడ్లు పెట్టిన ఉదయమే పెద్ద చేపలను వేరే తొట్టిలోకి మార్చాను. మూడో రోజున గుడ్లు పొదిగాయి. రెండు రోజులు పిల్లలు గాజుకు, నాచుకు అతుక్కుని ఉండి, ఈ ఉదయం ఈదడం మొదలుపెట్టాయి.

నాచు పెరిగాక, ఆ రోజు దుకాణంలో నా పక్కన నిలబడిన పిల్లవాడికి గుప్పెడు ఇస్తానని చెప్పాను. వాళ్ళ నాన్న తొట్టి కొన్నాడట.