గడ్డి కాగితం, నల్ల నీళ్లు

చాకలి సోడా వేసి ఉడికించి, రాత్రంతా మూత పెట్టి ఉంచిన వరిగడ్డిని ఈ ఉదయం కడగడం మొదలుపెట్టాను. పూట గడిచిపోయింది. కాగితం తయారీ అనగానే చట్రం మీద పల్చగా పరుచుకునే గుజ్జు, వరుసగా ఆరేసిన ఠావులు కళ్ల ముందు మెదులుతాయి గాని, ఈ పనిలో సింహభాగం కడగడమే. దాన్ని గురించి రాసేవారు తక్కువ కాబట్టి ఈ రోజు పేజీలో ముందుగా దానికే చోటిస్తున్నాను.

కాగితానికి కావలసినవి గడ్డిలోని సెల్యులోజ్ పోగులు మాత్రమే. వాటిని ఒకదానితో ఒకటి బిగించి పట్టి ఉంచే లిగ్నిన్, పైన్ వంటి చెట్ల కలపలో నాలుగో వంతుకు పైగా ఉంటే, గడ్డిలో అంతకంటే తక్కువ ఉంటుంది. పైగా గడ్డి అల్లిక వదులు. అందువల్ల కలపను లొంగదీయడానికి కావలసినంత వేడి, ఒత్తిడి గడ్డికి అక్కరలేదు. అంగుళం ముక్కలుగా కోసి, గట్టి కణుపులను వీలైనంత వరకు ఏరివేసి, ఎండు గడ్డి బరువులో అయిదో వంతు సోడాతో స్టీలు గిన్నెలో కొన్ని గంటలు ఉడికిస్తే చాలు. అల్యూమినియం గిన్నె మాత్రం పనికిరాదు, క్షారం దాన్ని తినేస్తుంది. ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టి లాగినప్పుడు పుటుక్కున తెగకుండా నిలువునా పోగులుగా విడిపోతే ఉడికినట్టే.

ఆ తరువాతిదే ఓపిక పని. గుడ్డ సంచిలో పోసి పిండినప్పుడు మొదట దిగే నీళ్లు చిక్కటి కషాయంలా నల్లగా, జిడ్డుగా ఉంటాయి. నీళ్లు మార్చి పిండుతూ పోతే నలుపు గోధుమ రంగులోకి, అది లేత పసుపులోకి తిరుగుతుంది. అయితే రంగు కంటే వేళ్లను నమ్మడం మేలు: నీళ్లు తేటపడిన తరువాత కూడా గుజ్జు చేతికి జారుడుగా తగులుతుంటే క్షారం ఇంకా మిగిలి ఉన్నట్టే. మధ్యాహ్నానికి ఆ జారుడు పోయి, పోగులు చేతికి గరుకుగా తగిలాయి. సంచిలో మిగిలింది వేసిన గడ్డిలో దాదాపు సగం. తక్కిన సగం, అంటే లిగ్నిన్, సెల్యులోజ్‌తో కలిసి ఉండే హెమిసెల్యులోజ్ కొంత, ఇసుకలో ఉండే పదార్థమే అయిన సిలికా, వేసిన సోడాతో పాటు తొట్టెలోని ఆ నల్ల నీళ్లలో ఉన్నాయి. పంట వ్యర్థాన్ని కాగితం చేస్తున్నామని సంతోషించే ముందు ఈ తొట్టె వైపు కూడా చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

గడ్డి నుంచి కాగితం చేయాలన్న ఆలోచన నిన్నా మొన్నా పుట్టింది కాదు. అప్పటి కాగితానికి ముడిసరుకైన చింకి గుడ్డల కొరతతో యూరప్ కాగితం మిల్లులు ఇబ్బంది పడుతున్న కాలంలో, లండన్‌లో మథియాస్ కూప్స్ 1800లో గడ్డి కాగితం మీద ఒక పుస్తకాన్నే అచ్చు వేయించాడు. కలప గుజ్జు పరిశ్రమగా స్థిరపడడానికి ఇంకా కొన్ని దశాబ్దాల వ్యవధి ఉన్న రోజులవి. అతని మిల్లు కొద్ది కాలానికే మూతపడింది గాని, ఆ పుస్తకం ప్రతులు నేటికీ గ్రంథాలయాల్లో నిలిచి ఉన్నాయి.

మధ్యాహ్నం తరువాత గుజ్జును కొయ్య సుత్తితో కొద్దిసేపే దంచాను. గడ్డి పోగులు సుమారు ఒక మిల్లీమీటరు పొడవు మాత్రమే ఉంటాయి, పైన్ కలప పోగులు అంతకు మూడింతలు. పొట్టివాటిని అతిగా దంచితే నలిగి మరీ సన్ననైపోతాయి, అప్పుడు చట్రం నుంచి నీళ్లు దిగవు. దంచిన గుజ్జును తొట్టెడు నీళ్లలో బాగా పలుచన చేసి, జల్లెడ చట్రాన్ని ఏటవాలుగా ముంచి, సమంగా పైకి తీసి, రెండు దిక్కులా ఒక్కసారి కదిపి ఆగాలి. పత్తి గుజ్జు అయితే క్షణాల్లో నీరు వదిలేస్తుంది. వరిగడ్డి గుజ్జు అలా కాదు. పైన తడి మెరుపు తగ్గేదాకా చట్రం కదలకుండా పట్టుకొని నిలబడాలి. తరువాత తడి గుడ్డ మీదికి బోర్లించి, గుడ్డా ఠావూ ఒకదానిపై ఒకటి పేర్చి, పైన పలక పెట్టి బరువు ఎక్కించాను. ఈ పోగులను కలిపి ఉంచడానికి జిగురు అక్కరలేదు: నీరు తొలగే కొద్దీ పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడి అవే అతుక్కుంటాయి.

ఇంతకుముందు విడతలో ఆరిన ఠావులు బల్ల మీద ఉన్నాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే లేత బంగారు రంగులో కొంచెం పారదర్శకంగా ఉండి, ఉడకని కణుపుల తునకలు అక్కడక్కడ చుక్కలుగా కనిపిస్తాయి. ఊపితే గలగలమంటాయి. మడతపెడితే మడత దగ్గర త్వరగా చిట్లుతాయి కాబట్టి, సంచులకూ కవర్లకూ అయితే అరటి నార వంటి పొడవు పోగును కొంత కలపాలి. రాసుకోవడానికైతే పల్చటి గంజి పూత చాలు, సిరా పాకదు. కలప కాగితంతో పోల్చి దీన్ని నాసిరకమనడం నాకు నచ్చదు. ఇది బిరుసైన కాగితం. ఆ బిరుసుతనం అట్టలకు, పెట్టెలకు సరిగ్గా సరిపోయే గుణం.

నల్ల నీళ్ల సంగతి తేలవలసి ఉంది. కలప మిల్లుల్లో ఆ ద్రవాన్ని చిక్కబరచి, కొలిమిలో మండించి, ఆవిరినీ రసాయనాలనూ తిరిగి రాబట్టుకుంటారు. వరిగడ్డి విషయంలో సిలికా అడ్డుపడుతుంది: క్షారంలో కరిగి, ద్రవాన్ని జిగటగా చేసి, గొట్టాల లోపల గట్టి పొరగా పేరుకుంటుంది. చిన్న మిల్లులు గడ్డిని ఉడికించిన చోటల్లా కాలువలు నల్లబడడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంట్లో చేసే పనికి అంత ప్రమాదం లేకపోయినా, సోడాలోని సోడియం నేలకు మేలు చేయదు కనుక ఈ నీళ్లను మొక్కల పాదుల్లో పోయలేను. మొదట దిగిన చిక్కటి ద్రవాన్ని మాత్రం వేరుగా తీసి ఉంచాను. అందులో ఇంకా మిగిలిన క్షారం వచ్చే గడ్డిని నానబెట్టడానికి పనికివస్తుంది, కొత్త సోడా ఆ మేరకు తగ్గుతుంది.

ఆ తరువాతి విడతకు సోడా మానేసి బూడిద నీళ్లతో ఉడికించాలని నిర్ణయించుకున్నాను. జపాన్‌లో చేతి కాగితం చేసేవారు చెట్టు బెరడును పూర్వం నుంచీ అలాగే ఉడికించేవారు. కట్టె బూడిద నుంచి నీళ్లలోకి దిగే క్షారం ప్రధానంగా పొటాషియం కార్బొనేట్. సోడియంలా కాక, పొటాషియం పైరుకు కావలసిన పోషకం. ఘాటు తక్కువ కాబట్టి ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది, కడుగుడు ఎలాగూ తప్పదు. అయినా బాగా పలుచన చేశాక ఆ నీళ్లు పొలానికి చేరవచ్చు. పొయ్యి బూడిదను జల్లించి, బొగ్గు తునకలు ఏరి, గుడ్డలో మూటకట్టి ఈ రాత్రి నీళ్లలో వేలాడదీశాను.