ఏడు రాత్రులు నీళ్లలో, ఆపైన వట్టివేళ్ల కుంచె

శవాన్ని కత్తితో కోయకుండా లోపలి పొరలు చూడటం ఎలాగో ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, శరీర నిర్మాణం చెప్పే శారీరస్థానం 5వ అధ్యాయం చివర ఉంది. చాలామంది దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు పనితనమంతా వివరాల్లోనే ఉంది.

ముందు శవం ఎంపిక. అవయవాలన్నీ ఉండాలి. విషంతో పోయినవాడు, దీర్ఘరోగి, నూరేళ్లు నిండినవాడు పనికిరారు. కారణం ఊహించడం కష్టం కాదు: దీర్ఘరోగికి కండ కరిగిపోయి ఉంటుంది, ముసలివాడి ఎముక గుల్లబారి ఉంటుంది. తర్వాత పేగుల్లోని మలం తీసేయాలి. అది మిగిలితే పొట్ట ఉబ్బి పగులుతుంది, పై పొర విడేలోపే లోపలి భాగాలు పాడవుతాయి.

ఒంటినిండా ముంజగడ్డి, చెట్టు బెరడు, దర్భ, జనపనార వంటివాటిలో ఏదో ఒకటి చుట్టి, పంజరంలో పెట్టి, జనం కంటపడని చోట ఏటి నీళ్లలో కట్టాలి. పంజరం లేకపోతే చేపలూ తాబేళ్లూ పీక్కుతింటాయి. చుట్టు లేకపోతే ఊడిన ముక్క నీటిపాలే.

ఏడు రాత్రులయ్యాక, బాగా నానికుళ్లిన శవాన్ని పైకి తీసి వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు వంటివాటితో కట్టిన కుంచెతో రుద్దాలి. మూలంలో 'శనైః శనైః' అని ఉంది. తొందరపడితే రెండు పొరలు కలిసి ఊడతాయి, ఇక లెక్క తప్పినట్టే. చర్మానికి చెప్పిన ఏడు పొరల మందాన్ని వడ్లగింజతో కొలిచారు: పై పొర గింజలో 18వ వంతు, ఆరోది ఒక గింజ, ఏడోది రెండు గింజలు. ఈ కొలత కండ ఉన్న చోటికే, నుదుటికీ చిటికెన వేలికీ కాదని అక్కడే హెచ్చరించారు కూడా.

ఇక ఎముకలు. సుశ్రుతుడి మొత్తం 300, మనది 206. తేడా చూసి నవ్వేముందు కాలు లెక్క చూడండి: వేళ్లకు 15, పాదానికీ చీలమండకూ 10, మడమకు 1, పిక్కకు 2, మోకాలికి 1, తొడకు 1. మొత్తం 30. తుంటిని పక్కన పెడితే నేటి లెక్కా సరిగ్గా 30! బొటనవేలికి మూడు ఎముకలని ఒకటి ఎక్కువ వేశాడు, పాదంలో ఒకటి తక్కువ వేశాడు, రెండూ సరిపోయాయి. చేతిని మాత్రం కాలి నమూనాతోనే లెక్కగట్టాడు. మిగతా చోట్ల సంఖ్య పెరగడానికి ఒక కారణం, 32 పళ్లనూ మృదులాస్థినీ ఎముకల్లోనే కలపడం. పక్కటెముకల దగ్గర ఒక్కో వైపు 36 అంటాడు, నిజానికి ఉన్నవి 12.

ఈ పద్ధతికి అసలు చిక్కనిది మెదడు. కుళ్లితే త్వరగా జావయ్యే భాగాల్లో అదొకటి, పైగా గట్టి పుర్రె లోపల ఉంటుంది. కుంచె అక్కడికి చేరేసరికి చూడటానికి ఏమీ మిగలదు. సన్నటి నరాలు కుంచె దెబ్బకే తెగిపోతాయి. మెదడును గట్టిపరిచి కోయడానికి యూరప్‌లో చాలాకాలం సారాయే వాడారు. ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్లు) కణజాలాన్ని గట్టిపరుస్తుందని జర్మన్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ చెప్పింది 1893లో.