ఆన్ అవుతుంది, సౌండ్ రాదు: ఒక హోమ్ థియేటర్ రిసీవర్ మరమ్మతు

హోమ్ థియేటర్ రిసీవర్ పాడైనప్పుడు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటే: ఆన్ అవుతుంది, డిస్‌ప్లే వెలుగుతుంది, సౌండ్ మాత్రం రాదు. ఈ ఒక్క లక్షణం వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరిస్థితులు ఉంటాయి. మొదటిదానిలో రిసీవర్ తనలోనో స్పీకర్ తీగల్లోనో ప్రమాదాన్ని పసిగట్టి, స్పీకర్లకు వెళ్లే దారిని తానే మూసేస్తుంది. రెండోదానిలో ఆ దారి తెరిచే ఉంటుంది, కానీ స్పీకర్ దాకా చేరవలసిన సిగ్నల్ మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. ఈ రెండింటినీ విడదీయకుండా మూత విప్పితే మరమ్మతు ఊహల మీద నడుస్తుంది. అనుమానం వచ్చిన ప్రతి భాగాన్నీ పీకి కొత్తది వేసే క్రమంలో బోర్డు మీది రాగి పట్టీలు లేచిపోయి, ఉన్న లోపానికి కొత్త లోపాలు తోడవుతాయి. నా దగ్గరున్న పాత ఏడు చానళ్ల రిసీవర్ ఈ మధ్య మూగబోయినప్పుడు నేను పాటించిన క్రమాన్ని, ప్రతి పరీక్ష వెనుక ఉన్న కారణంతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. రిసీవర్‌ను ఆన్ చేసి, గదిలో మరే చప్పుడూ లేకుండా చూసుకుని, కొన్ని సెకన్ల పాటు వినాలి. యాంప్లిఫయర్‌ను స్పీకర్లకు కలిపే విద్యుత్ స్విచ్, అంటే లోపలి రిలే, కలుసుకున్నప్పుడు టిక్కుమన్న శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. ఆన్ చేసిన వెంటనే కాకుండా కాసేపు ఆగి ఆ శబ్దం రావడానికి కారణం ఉంది: లోపలి వోల్టేజీలు స్థిరపడే వరకు, యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో స్పీకర్‌ను కాల్చగల డీసీ వోల్టేజీ లేదని రక్షణ సర్క్యూట్ నిర్ధారించుకునే వరకు స్పీకర్లను కలపకూడదు. టిక్కు అసలే వినిపించకుండా సెట్ ఆరిపోయినా, స్టాండ్‌బై దీపం మినుకుమినుకుమన్నా, అది మొదటి పరిస్థితి. టిక్కు మామూలుగానే వినిపించి, వాల్యూమ్ అంకెలు కదులుతూ, స్పీకర్లు మాత్రం మౌనంగా ఉంటే అది రెండో పరిస్థితి. నా రిసీవర్‌లో టిక్కు మామూలుగానే వచ్చింది. అందువల్ల స్పీకర్లను నడిపే పవర్ ట్రాన్సిస్టర్లు కాలిపోయాయన్న అనుమానాన్ని మూత విప్పకముందే దాదాపు పక్కన పెట్టగలిగాను.

తరువాతి పరీక్షలు కూడా బయటివే. స్పీకర్ ఏ, స్పీకర్ బీ బటన్లలో రెండూ ఆఫ్‌లో ఉంటే ఏ లోపమూ లేకపోయినా సౌండ్ రాదు. హెడ్‌ఫోన్ సాకెట్ లోపలి స్విచ్ దుమ్ముతోనో తుప్పుతోనో ఇరుక్కుపోతే, హెడ్‌ఫోన్ పెట్టి ఉందనుకుని రిసీవర్ స్పీకర్లను ఆపేస్తుంది. ప్లగ్‌ను కొన్నిసార్లు పెట్టి తీస్తేనే ఇది తేలిపోతుంది. టీవీ నుంచి వచ్చే సౌండ్ మాత్రమే పోయినట్లయితే హెచ్‌డీఎంఐ కేబుల్ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను రిసీవర్‌కు వెనక్కి పంపే దారి) అని రాసి ఉన్న పోర్టులోనే ఉందో లేదో చూసి, టీవీ ఆడియో అవుట్‌పుట్‌ను ఒకసారి పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ సౌండ్‌కు) మార్చి ప్రయత్నించాలి. ఈ అనుసంధానం రెండు పరికరాల మధ్య సంభాషణ మీద ఆధారపడుతుంది కాబట్టి, అది మధ్యలో చెడినప్పుడు రెండింటినీ గోడ సాకెట్ నుంచి తీసి, కొన్ని నిమిషాల తరువాత మళ్లీ పెడితే తరచుగా కుదురుకుంటుంది. ఫ్యాక్టరీ రీసెట్‌ను మాత్రం చివరికి ఉంచుకోవాలి; అది స్పీకర్ల దూరాలు, స్థాయులు అన్నింటినీ చెరిపేస్తుంది కాబట్టి ముందుగా వాటిని రాసిపెట్టుకోవడం మంచిది.

స్పీకర్లను అనుమానించవలసి వస్తే వాటిని రిసీవర్ నుంచి విప్పి మల్టీమీటర్‌తో కొలవాలి. 8 ఓముల స్పీకర్ మీటర్‌లో సాధారణంగా 6 ఓముల చుట్టుపక్కల చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ కొలిచేది కాయిల్ తీగ నిరోధాన్ని మాత్రమే. అయితే అన్ని స్పీకర్లూ ఒకేసారి పాడవడం అరుదు కాబట్టి, అన్ని చానళ్లూ కలిసి మూగబోయినప్పుడు ఈ పరీక్ష మీద ఎక్కువ సమయం వెచ్చించనవసరం లేదు.

రిసీవర్‌లోనే ఉన్న టెస్ట్ టోన్‌ను చాలామంది స్పీకర్ల అమరికకే వాడతారు గానీ, నా దృష్టిలో లోపం వెతకడానికి అంతకంటే మంచి సాధనం లేదు. ఆ హోరు ఏ ఇన్‌పుట్ నుంచీ రాదు. లోపల ఉన్న డీఎస్పీ చిప్‌లో (డిజిటల్ సౌండ్‌ను ప్రాసెస్ చేసే చిప్‌లో) పుట్టి, డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే చిప్, వాల్యూమ్ ఐసీ, పవర్ యాంప్లిఫయర్, రిలేల మీదుగా స్పీకర్‌కు చేరుతుంది. అది వినిపిస్తే డీఎస్పీ నుంచి స్పీకర్ వరకు అంతా సవ్యంగా ఉన్నట్టే, లోపాన్ని ఇన్‌పుట్ల వైపు వెతకాలి. వినిపించకపోతే ఇన్‌పుట్ల జోలికి వెళ్లనవసరం లేదు. నా సెట్‌లో టెస్ట్ టోన్ వినిపించలేదు, ఎఫ్ఎం రేడియో కూడా పలకలేదు. కానీ సినిమా డిస్క్ పెట్టినప్పుడు డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ గుర్తు వెలిగింది. లోపలికి వచ్చే డిజిటల్ ప్రవాహాన్ని చదివి అది ఏ రకమో గుర్తిస్తున్నదంటే డీఎస్పీ భాగం చాలావరకు ప్రాణంతో ఉన్నట్టే. ఈ ఒక్క గుర్తు నన్ను ఎంతో వృథా శ్రమ నుంచి కాపాడింది.

ఇక మిగిలిన దారిని మధ్యకు విడగొట్టాలి. వెనుక ఉన్న ప్రీ-అవుట్ సాకెట్ల (పవర్ యాంప్లిఫయర్‌కు ముందున్న సిగ్నల్‌ను బయటికిచ్చే సాకెట్ల) నుంచి ఒక కేబుల్‌ను వేరే యాంప్లిఫయర్‌కు కలిపితే, సిగ్నల్ పవర్ యాంప్లిఫయర్‌కు ముందే ఆగిపోయిందా, తరువాత ఆగిపోయిందా అన్నది తెలుస్తుంది. ప్రీ-అవుట్‌లో సౌండ్ ఉండి స్పీకర్లలో లేకపోతే పవర్ యాంప్లిఫయర్ లేదా రిలేలు నేరస్థులు. నా సెట్‌లో ప్రీ-అవుట్ కూడా నిశ్శబ్దంగానే ఉంది. ఏడు చానళ్లూ ఒకేసారి, ఒకే విధంగా ఆగిపోయాయంటే ఏడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయినట్టు. డీఎస్పీ తరువాత, ప్రీ-అవుట్‌కు ముందు అలా ఉమ్మడిగా ఉండేవి తక్కువే: వాల్యూమ్ ఐసీ, సౌండ్‌ను ఆపమని ఆదేశించే మ్యూట్ లైన్, చిన్న సిగ్నళ్లను పెంచే ఆప్-ఆంప్ ఐసీలకు అందే వోల్టేజీలు. వీటిలో కొలవడానికి అన్నిటికంటే తేలికైనవి వోల్టేజీలు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

మూత విప్పే ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. రిసీవర్‌లోని ప్రధాన ఫిల్టర్ కెపాసిటర్లు ఒక్కొక్కటి 10,000 మైక్రోఫారడ్ల స్థాయిలో ఉండి, ప్లస్ వైపు 50 వోల్టులకు పైగా, మైనస్ వైపు అంతే వోల్టేజీని పట్టి ఉంచుతాయి. ప్లగ్ తీసిన తరువాత కూడా ఆ చార్జీ వెంటనే పోదు. వాటిని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు కొందరు మెకానిక్‌లలో ఉంది. దానివల్ల లేచే నిప్పురవ్వ కంటికి ప్రమాదకరం, కెపాసిటర్ లోపలి అతుకులకు కూడా చేటు. కొన్ని వందల ఓముల నిరోధం, 5 లేదా 10 వాట్ల సామర్థ్యం ఉన్న రెసిస్టర్ కాళ్లకు ఇన్సులేషన్ తొడిగిన తీగలు అతికించి, దానితో నెమ్మదిగా ఖాళీ చేసి, మీటర్‌తో వోల్టేజీ సున్నాకు దగ్గరగా వచ్చిందని చూసుకున్న తరువాతే చేయి పెట్టాలి. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ను క్రొకడైల్ క్లిప్‌తో చాసిస్‌కు (లోహపు చట్రానికి) బిగించి, ఎర్ర ప్రోబ్‌ను ఒక్క చేత్తోనే వాడాలి. మెయిన్స్ వచ్చే వైపు, స్విచింగ్ పవర్ సప్లై ఉన్న చోట అనుభవం లేనివారు అసలు కొలవకూడదన్నది నా అభిప్రాయం.

సర్వీస్ మాన్యువల్‌లోని పటం ప్రకారం నా సెట్‌లో ఆప్-ఆంప్ ఐసీలకు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు అందాలి. వీటిని 7812, 7912 అన్న రెగ్యులేటర్లు, అంటే వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగాలు, ఇస్తాయి. ఈ రెండింటి కాళ్ల వరుస ఒకటి కాదని గుర్తుంచుకోవాలి: 7812లో వరుసగా ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ ఉంటే, 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఉంటాయి. 7912 వెనుక ఉన్న లోహపు రేకు గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. దాన్ని గ్రౌండ్ అనుకుని క్లిప్ తగిలిస్తే అక్కడే షార్ట్ అవుతుంది.

ప్లస్ 12 వోల్టులు సరిగ్గా ఉన్నాయి. ఆప్-ఆంప్‌ల దగ్గర మైనస్ వైపు సున్నాకు దగ్గరగా ఉంది. రెగ్యులేటర్ కాలు మీద ప్రోబ్ ఉంచి చూస్తే మైనస్ 12 వోల్టులు నిక్షేపంగా కనిపించాయి. ఆ కాలు అతుక్కుని ఉన్న రాగి పట్టీ మీదికి, అంటే కొన్ని మిల్లీమీటర్ల అవతలికి ప్రోబ్ జరిపితే ఏమీ లేదు. ప్రోబ్‌తో కాలును కాస్త గట్టిగా నొక్కినప్పుడు స్పీకర్లలో ఠప్పుమని శబ్దం వచ్చి, క్షణం పాటు రేడియో పలికింది. భూతద్దంతో చూస్తే కాలు చుట్టూ టంకంలో సన్నని ఉంగరంలాంటి పగులు ఉంది. మెకానిక్‌లు డ్రై సోల్డర్ అని పిలిచేది దీన్నే.

ఇది అక్కడే ఎందుకు వచ్చిందన్నది తెలుసుకోదగినది. ఆ బోర్డు ఒకవైపు మాత్రమే రాగి ఉన్న రకం. కాలు దూరే రంధ్రం లోపలి గోడలకు లోహపు పూత ఉండదు కాబట్టి, అతుకు బలమంతా అడుగున ఉన్న చిన్న టంకపు ముద్ద మీదే ఆధారపడుతుంది. రెగ్యులేటర్ ఆన్ చేసిన ప్రతిసారీ వేడెక్కి, ఆపిన ప్రతిసారీ చల్లారుతుంది. కాలు, బోర్డు, టంకం వేర్వేరు పరిమాణాల్లో వ్యాకోచిస్తాయి. ఏళ్ల తరబడి సాగిన ఈ లాగుడుకు టంకం అలసిపోయి పగులుతుంది. అందుకే ఇలాంటి పగుళ్లను రెగ్యులేటర్లు, ఎక్కువ వాట్ల రెసిస్టర్లు, హీట్ సింక్‌కు బిగించిన భాగాల కాళ్ల దగ్గరే ముందుగా వెతకాలి. బోర్డు గోధుమరంగులోకి మారిన చోటు స్వయంగా చిరునామా చెబుతుంది.

పాత టంకం మీదనే కొత్తది పెట్టి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. పాతదాన్ని టంకం పీల్చే పంపుతో, రాగి జడతో పూర్తిగా తీసేసి, కాలును శుభ్రం చేసి, టంకం బాగా పట్టేలా ఫ్లక్స్ వేసి కొత్త టంకంతో అతికాను. పాతదానిలో సీసం లేకపోతే అది సుమారు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు, సీసం ఉన్న 60/40 టంకం 190 లోపే కరుగుతుంది. ఈ తేడా తెలియక చల్లని ఐరన్‌తో ఎక్కువసేపు నొక్కి ఉంచడం వల్లే పట్టీలు లేస్తాయి. పక్కనున్న మిగతా రెగ్యులేటర్ల కాళ్లనూ అదేవిధంగా మళ్లీ అతికి, ఆ వేడికి దగ్గరగా ఉన్న చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకంతో మార్చాను. మైనస్ లైన్ మీద ఉన్న కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్ వైపు ఉంటుంది. అలవాటు కొద్దీ తిప్పి పెడితే అది పేలుతుంది.

టిక్కు వినిపించని సెట్ల సంగతి వేరు. ముందుగా స్పీకర్ తీగలన్నీ విప్పి ఆన్ చేయాలి. అప్పుడు టిక్కు వస్తే ఏదో ఒక టెర్మినల్ దగ్గర తీగ పోగు పక్కదాన్ని తాకుతున్నట్టు. అయినా రాకపోతే ప్లగ్ తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కలెక్టర్, ఎమిటర్ కాళ్ల మధ్య షార్ట్ ఉందేమో మీటర్‌తో చూడాలి. ఒక ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే దాని జంటను, వాటిని నడిపే డ్రైవర్లను, తెగిపోయిన ఎమిటర్ రెసిస్టర్లను కూడా పరీక్షించకుండా ఒక్కదాన్నే మార్చితే కొత్తది మొదటి క్షణంలోనే కాలిపోతుంది. మార్చిన తరువాత నేరుగా మెయిన్స్‌కు కలపకుండా, 60 నుంచి 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో (రిసీవర్‌కు వెళ్లే కరెంటంతా దాని గుండానే పోయేలా) పెట్టి ఆన్ చేయాలి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిది. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా మిగిలి ఉంది.

టిక్కు వినిపించినా, వాల్యూమ్ బాగా పెంచితే తప్ప కొన్ని చానళ్లు పలకకపోతే రిలే కాంటాక్టుల మీద పొర పట్టినట్టు. చిన్న సిగ్నల్ ఆ పొరను దాటలేదు, పెద్ద సిగ్నల్ దాటుతుంది. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న పల్చని పూత పోయి కొంతకాలానికే మళ్లీ మొదటికి వస్తుంది, కాబట్టి అదే కాయిల్ వోల్టేజీ, అంతే కరెంటు సామర్థ్యం ఉన్న కొత్త రిలే వేయడమే సరైన పని. డిజిటల్ బోర్డు మీది పెద్ద చిప్ అడుగున అతుకులు వదిలినప్పుడు దాన్ని హాట్ ఎయిర్‌తో వేడి చేసి బతికించే పద్ధతిని నేను సమర్థించను. చాలాసార్లు అది కొద్ది వారాల ఉపశమనం మాత్రమే ఇస్తుంది. అక్కడ బోర్డు మార్చడమో, చిప్‌ను తీసి కొత్తది వేయగల నిపుణులకు ఇవ్వడమో మేలు.

నా సెట్ విషయానికి వస్తే, టంకం పని ముగిశాక సీరీస్ బల్బుతో ఆన్ చేసి, రిలే కలుసుకున్న తరువాత స్పీకర్లు కలపకుండానే ప్రతి చానల్ అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజీని కొలిచాను. 50 మిల్లీవోల్టులు దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు; ఏ చానలూ దాన్ని సమీపించలేదు. బల్బు తీసేసి, పనికిరాని పాత స్పీకర్‌తో ఒక్కో చానల్‌లోనూ టెస్ట్ టోన్ విన్న తరువాతే అసలు స్పీకర్లను కలిపాను. ఆ పైన గంటల తరబడి నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ ఆన్ చేసి ఆప్-ఆంప్‌ల దగ్గర మైనస్ 12 వోల్టులను కొలిచాను. అవి స్థిరంగానే ఉన్నాయి. రెగ్యులేటర్ల మీద పేరుకున్న దుమ్మును బ్రష్‌తో తుడిచి, మూత బిగించి, వేడి బయటికి పోయేలా, ఇదివరకు రిసీవర్ పైన పెట్టే డిస్క్ ప్లేయర్‌ను పక్క అరలోకి మార్చాను.