మొలకెత్తిన రాగులు, ఉడికించిన జొన్నలు: తొమ్మిది నెలల ప్రయత్నాల నమోదు

జూలై మొదటి వారం. అరకిలో రాగులను రాళ్ళు పోయేలా మూడుసార్లు గాలించి, 24 గంటలు నానబెట్టి, గుడ్డలో బిగించి కట్టి, మూత పెట్టిన గిన్నెలో ఉంచాను. మర్నాడు మూట విప్పితే అంచుల్లో మాత్రమే మొలకలు కనిపించాయి; నడిమి గింజలు వేళ్ళకు జిగురుగా అంటుకుని పులిసిన వాసన వేశాయి. రాగి గింజ ఆవగింజంత సన్నం కనుక మూటలో గింజకూ గింజకూ మధ్య నీరు నిలిచిపోయి గాలికి చోటుండదు, మొలకెత్తే గింజ ఊపిరి పీల్చుకోలేక కుళ్ళుతుంది. మొత్తం పారబోయవలసి వచ్చింది.

జూలై చివర. అనంతపురంలో ఉండే మా మేనత్తకు ఫోన్ చేశాను. "మూట పిండితే ఒక్క బొట్టు కూడా రాకూడదమ్మా, అప్పుడే కట్టు" అన్నది. ఈసారి 12 గంటలే నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చి, సన్నని జల్లెడలో గంటసేపు వడకట్టిన తరువాతనే తడి నూలు గుడ్డలో వదులుగా కట్టాను. ఎనిమిది గంటలకొకసారి విప్పి, గింజలను పైకీ కిందికీ కలిపాను. 30 గంటలకు ముదురు ఎరుపు గింజల కొసన సూదిమొనలాంటి తెల్లని మొలక దాదాపు అన్నింటికీ వచ్చింది. అయితే బయట వాన. ఫ్యాను కింద రెండు రోజులు ఆరబోసినా లోపలి తడి పోలేదు. రెండో సాయంత్రం గింజల మీద తెల్లటి బూజు కనిపించింది. బూజు పట్టిన ధాన్యాన్ని కడిగి వాడుకోవచ్చన్న ఆలోచనే ప్రమాదకరం కనుక దానినీ పారబోశాను. మొలకెత్తించడం కన్నా ఆరబెట్టడమే కష్టమైన పని అని నాకు అప్పుడు అర్థమైంది. ఎండ ఖాయమైతే తప్ప నానబెట్టకూడదని ఆనాడే నిర్ణయించుకున్నాను.

నవంబరు. చలికి మొలకలు రావడానికి రెండు రోజులు పట్టింది. డాబా మీద పలుచగా, ఒకే పొరగా పరిచి రెండు రోజులు ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగితే ఎండిన మొలకలు పొట్టులా ఎగిరిపోయాయి. 500 గ్రాములకు 445 గ్రాములు మిగిలింది. సన్నని సెగ మీద చేతికి వేడి తగిలేవరకే వేయించి మర పట్టించాను.

డిసెంబరు. ఈ నెలంతా జావ పరీక్షలకే సరిపోయింది. రెండు గిన్నెల్లో పావు లీటరు చొప్పున నీళ్ళు పోసి, ఒకదానిలో రెండు చెంచాల మామూలు రాగిపిండి, మరొకదానిలో రెండు చెంచాల మొలకల పిండి కలిపి కాచాను. మొదటిది గరిటెకు పట్టుకుని బరువుగా జారింది. రెండవది పలుచని మజ్జిగలా ధారగా పడింది. మొలకెత్తేటప్పుడు గింజలో తయారయ్యే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టడమే దీనికి కారణం. అదే చిక్కదనం రావాలంటే నాలుగు చెంచాలు వేయవలసి వచ్చింది, అంటే తాగగలిగేంత పలుచని జావలోనే ఎక్కువ ధాన్యం ఇముడుతుంది. 1980లలో బరోడాలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం పసిపిల్లల ఆహారం కోసం ఈ గుణాన్నే అధ్యయనం చేసింది. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. దానిని ఒంటికి అందకుండా పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం మొలకెత్తినప్పుడు తగ్గుతుంది. నేను ఈ శ్రమ పడుతున్నది అందుకోసమే.

ఇదే పిండితో సంకటి కెలికితే ముద్ద కట్టలేదు, ఎంత కెలికినా గిన్నెలో సాగిలపడింది. సంకటికి మామూలు పిండి, జావకు మొలకల పిండి అని రెండు డబ్బాలు వేరుచేశాను. ఒక విడత గింజలు కమ్మని వాసన కోసం బాగా ఎర్రగా వేయిస్తే ఆ పిండి జావ మళ్ళీ చిక్కబడింది. అధిక వేడికి ఎంజైము నశిస్తుంది కాబట్టి మొలకెత్తించిన ప్రయోజనంలో సగం పోయినట్టే.

జనవరి. కొర్రబియ్యం నానబెట్టి చూశాను. పొట్టు తీసినది కనుక ఒక్క గింజా మొలవలేదు.

ఫిబ్రవరి. జొన్నల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. జొన్న మొలకలో ధుర్రిన్ అనే పదార్థం ఏర్పడుతుంది, దాని నుంచి సైనైడ్ విడుదలవుతుంది. లేత జొన్న పైరు మేసిన పశువులకు ప్రాణం మీదికి వచ్చేది కూడా దీనివల్లనే. అందుచేత జొన్న మొలకలను పచ్చిగా తినకూడదు. నేను జొన్నలను మొలకెత్తించడం మానుకుని, గింజలను ఉడికించి గుడాలే చేస్తున్నాను. కప్పు జొన్నలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మూడు కప్పుల మంచినీళ్ళతో కుక్కరులో పెట్టి, ఒక కూత వచ్చాక సన్నని సెగ మీద 25 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అదే దిగేవరకు ఆగుతాను. గింజ పగిలి లోపలి తెలుపు కనిపించాలి, పంటికి మాత్రం కొద్దిగా గట్టిగా తగలాలి. ఉప్పు ఉడికిన తరువాతనే వేస్తాను. ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు తాలింపులో పచ్చికొబ్బరి కోరు కలిపితే ఉదయం ఫలహారానికి చాలును.

ఏప్రిల్ 6. ఉదయం కిలో రాగులు నానబెట్టాను. వేసవి వేడికి నీళ్ళు త్వరగా పులుస్తాయి కనుక నాలుగు గంటలకొకసారి మారుస్తున్నాను, నానే సమయాన్నీ పది గంటలకు తగ్గించాను. ఈ రాత్రి మూట కడితే రేపు రాత్రికి మొలక రావాలి; ఎల్లుండి ఉదయం ఏడు గంటలకల్లా డాబా మీద పరచడానికి గుడ్డ ఉతికి ఆరవేశాను.