సున్నిపిండి

"ఇంకా గట్టిగా రుద్దు నాయనమ్మా, తెల్లగా అవ్వాలి."

టవల్ పట్టుకుని బాత్రూం బయట నిలబడ్డ నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆరేళ్ల పిల్ల. మోచేతి దగ్గర అప్పటికే కందిపోయింది.

డ్యాన్స్ ప్రోగ్రాంలో గోపికల వెనక వరసలో పెట్టారట. ముందు వరసకి "కలర్" ఉన్న పిల్లలు కావాలట. కృష్ణుడికి మాత్రం పూసి మరీ నీలం చేశారు! నవ్వాలో ఏడవాలో.

అత్తయ్య సున్నిపిండి గిన్నె పక్కన పెట్టేసింది. "కృష్ణ అంటేనే నలుపురా తల్లీ. ద్రౌపదికి కూడా అదే పేరు, కృష్ణ. అగ్గిలోంచి పుట్టింది, తెలుసా?"

"అగ్గిలోంచా? మరి కాలలేదా?"

రంగు గొడవ అక్కడితో మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. పాప పుట్టినప్పుడు "కాస్త రంగు తగ్గింది" అన్నది ఈ అత్తయ్యే. నేనేం తక్కువ తిన్నానా, దాని ప్రతి ఫోటోకీ ఓ ఫిల్టర్.

రాత్రి పడుకునేటప్పుడు నా చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది.

"మనిద్దరిదీ ఒకటే రంగమ్మా."

"అవును, బెల్లం రంగు," అన్నాను.

కాదట. గులాబ్ జామ్ రంగట.